నాలుగు పరుగుల తేడా
(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఏ విషయం మీద అని అడిగితే, మీ ఇష్టమన్నారు. డి.ఎ. బకాయిల గురించి, వైద్యఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. భగవద్గీత గురించి మాట్లాడేపాటి చదువు నాకు లేదు. అందుకని నాకు బాగా తెలిసిన దుఃఖం ఒకటి మీతో పంచుకొంటాను. అది ఆంధ్ర రంజీ క్రికెట్ జట్టు.

నవ్వుతున్నారు. నవ్వండి, నాకలవాటే. మా వీధి చివర టీ కొట్టు కుర్రాడు నా మొహం చూసి స్కోరు చెప్పేస్తాడు. "ఏటి తాతగోరూ, మనోళ్లు మల్లీ ఓడిపోనారేటి?" అంటాడు. వాడికి ఐ.పి.ఎల్. జట్లన్నీ కంఠతా వచ్చు. ఆంధ్ర జట్టులో ఇద్దరి పేర్లు చెప్పమంటే తల గోక్కుంటాడు. వాడిని తప్పుపట్టను. రంజీ ఆట వారం మధ్యలో, పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదలై, నాలుగు రోజులు సాగుతుంది. పనీపాటా ఉన్నవాడెవడు చూస్తాడు? దేశం మొత్తం మీద ఈ ఆట తీరిగ్గా చూడగలిగిన వర్గం ఒక్కటే ఉంది. అది మనం.

అసలు ఆంధ్ర జట్టు మొదలవడమే మన వయసువారితో మొదలైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆంధ్ర క్రికెట్ సంఘం కూడా ఆ ఏడాదిదే. 1953-54లో మన జట్టు మొదటిసారి రంజీ ఆడినప్పుడు నాయకుడు ఎవరనుకొన్నారు? సి.కె. నాయుడుగారు. 1932లో భారతదేశం ఆడిన తొలి టెస్టుకు కెప్టెన్. 1895 అక్టోబరులో పుట్టారు కాబట్టి అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. మనలో చాలామంది దండలు వేయించుకొని, శాలువా కప్పించుకొని ఇంటికి వచ్చిన వయసు! ఆ వయసులో ఆయన తెల్ల ప్యాంటు బిగించి మన రాష్ట్రానికి ఆట ప్రారంభించారు. అక్కడితో ఆగారా? 61వ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున కూడా ఆడారు. మోకాలి నొప్పుల మిత్రులు ఈ సంగతి ఇంట్లో చెప్పకండి, నడకకు తరిమేస్తారు.

ఇక విజయనగరం మాట. ఇక్కడివారికి విజ్జీ గురించి నేను చెప్పనక్కరలేదు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు మన మహారాజకుమార్ నాయకుడు. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. రెండు టెస్టులు ఓడాం. లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలోనే ఇంటికి పంపేశారు. ఆయన ఆటగాడిగా గొప్పవాడని విజయనగరంవారు కూడా అనరు. కానీ 1930-31లో జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను ఇంగ్లండు నుంచి రప్పించి తన జట్టులో ఆడించిన మనిషి. క్రికెట్ బోర్డుకు అధ్యక్షుడయ్యారు. విశ్వవిద్యాలయాల మండల జట్లు నేటికీ ఆయన పేరిట ఉన్న విజ్జీ ట్రోఫీకి ఆడతాయి. ఆయన అన్నగారి కుమారుడు, మాన్సాస్ స్థాపించిన పి.వి.జి. రాజుగారి పేరు మీదే ఇప్పుడు విజయనగరంలో రంజీ ఆటలు జరిగే మైదానం ఉంది. అంటే ఈ ఆటకు మనం కొత్తవాళ్లం కాము. గెలుపుకు మాత్రం కొత్తవాళ్లమే. ఏడు దశాబ్దాలు దాటింది. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీ గెలవలేదు సరికదా, ఫైనల్ ఆట కూడా ఆడలేదు.

అటువంటి జట్టును పట్టుకొని వేళ్లాడుతున్న నాకు దేవుడు వరసగా రెండు సీజన్లు చూపించాడు. అసలు నేను చెప్పదలచుకొన్నది ఆ రెండింటి గురించే.

మొదటిది 2022-23. డిసెంబరులో మొదటి ఆట విజయనగరంలోనే, ముంబైతో. ముంబై అంటే 41సార్లు రంజీ గెలిచి వచ్చిన జట్టు. రహానే నాయకుడు. నేను ఆమదాలవలసలో పొద్దుటి రైలెక్కి వెళ్లాను. మైదానంలో ఓ మూల చెట్టునీడ చూసుకొని కూర్చొన్నవాళ్లలో సగంమంది నా ఈడువాళ్లే. ఒకాయన మఫ్లరు, ఒకాయన ఫ్లాస్కు, ఒకాయన పాత ట్రాన్సిస్టరు. అందులో ఏమీ రాదు, అలవాటుకొద్దీ తెచ్చుకొన్నాడట. ఆ ఆట తొమ్మిది వికెట్ల తేడాతో పోయింది. మఫ్లరాయన లేచి పంచె దులుపుకొని, "సరే, ఇంకా ఆరు ఆటలున్నాయి" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

నిజంగానే జట్టు లేచింది. రాజ్‌కోట్ వెళ్లి సౌరాష్ట్రను వాళ్ల సొంత గడ్డ మీద 150 పరుగుల తేడాతో ఓడించింది. ఆ ఏడాది చివరకు ట్రోఫీ ఎత్తింది ఆ సౌరాష్ట్రే! ఆఖరి లీగు ఆటలో అస్సాం మీద ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. అలా గెలిస్తే మామూలు ఆరు పాయింట్లకు తోడు ఒకటి అదనం, ఏడు వస్తాయి. అయినా మన గతి మన చేతిలో లేదు. ముంబైలో ముంబై, మహారాష్ట్ర తలపడుతున్నాయి. ఆట డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం వచ్చినవారికి మూడు పాయింట్లు, రెండోవారికి ఒకటి. మహారాష్ట్ర 384 చేసింది. ముంబై చివరి వికెట్టు ఎక్కడ పడిందంటారు? సరిగ్గా 384 దగ్గర! ఎవరికీ ఆధిక్యం లేదు, చెరో పాయింటే. ఆఖరి రోజు ఆట డ్రా అయ్యేదాకా నాకు అన్నం సయించలేదు. రెండు పెద్ద జట్లూ ఇంటికి, మనం క్వార్టర్ ఫైనల్‌కి.

ఇందోరులో మధ్యప్రదేశ్‌తో. వాళ్లు అంతకుముందు ఏడాది చాంపియన్లు. మొదటిరోజే ఆవేశ్ ఖాన్ బంతి తగిలి మన కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. కాకినాడలో పుట్టిన కుర్రవాడు, 2021 జనవరిలో సిడ్నీ టెస్టును తొడకండరం పట్టేసినా 161 బంతులు నిలబడి కాపాడినవాడు. ఆసుపత్రికి వెళ్లిపోయాడు, అయిపోయిందనుకొన్నాం. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 కొట్టారు. తొమ్మిదో వికెట్టు పడింది. అప్పుడు పెవిలియన్ మెట్లు దిగి వస్తున్నదెవరు? విహారి, కట్టుతో.

ఇక్కడ ఒక్క చిన్న సంగతి వివరించాలి. మీలో ఆట చూడనివారి కోసం. అతను కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్. అలా నిలబడితే విరిగిన ఎడమ చెయ్యి బంతికి ఎదురుగా ఉంటుంది. అందుకని ఎడమచేతి ఆటగాడిలాగా తిరగబడి నిలబడ్డాడు. బాగున్న కుడి చెయ్యి ముందుకు వచ్చింది, విరిగినది వెనక దాక్కొంది. ఆ ఒంటి చేత్తో ఆడాడు. మా ఇంటావిడకు క్రికెట్ అంటే ఏవగింపు. ఫోనులో ఆ బొమ్మ చూసి వంటగదిలోంచి వచ్చి నిలబడిపోయింది. "వాళ్లమ్మ చూస్తోందో ఏమో, తల్లి మనసు ఏమైపోతుందండీ" అంది. అతను 27 దగ్గర అవుటయ్యాడు. మనకు 379, వాళ్లకు 228.

నాకౌట్ ఆట డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్నవాళ్లే పైకి వెళతారు. మనకు 151 ఆధిక్యం ఉంది. రెండో ఇన్నింగ్స్ నెమ్మదిగా ఆడుకొంటూ కాలం గడిపినా చాలు. 93కి అంతా అవుట్. అందులోనూ విహారి మళ్లీ ఒంటి చేత్తో వచ్చి 15 చేశాడు. మధ్యప్రదేశ్ ఐదు వికెట్ల తేడాతో గెలిచింది. ఆ 93 గురించి నేను మెత్తగా మాట్లాడలేను. నాయకుడు విరిగిన చేత్తో నిలబడుతుంటే రెండు చేతులూ ఉన్నవాళ్లు ఇంకాస్త సేపు నిలబడవలసింది. అభిమాని అంటే ప్రతిదానికీ చప్పట్లు కొట్టేవాడు కాడు కదా.

మరుసటి ఏడాది, 2023-24. రికీ భుయ్ ఆ సీజన్‌లో 902 పరుగులు చేశాడు. దేశం మొత్తం మీద రంజీలో అందరికంటె ఎక్కువ. మళ్లీ క్వార్టర్ ఫైనల్. మళ్లీ ఇందోరు. మళ్లీ మధ్యప్రదేశ్! అన్నట్టు, విశాఖలో పెరిగిన ఈ రికీ భుయ్ పుట్టింది మధ్యప్రదేశ్ భోపాల్‌లోనే. విధి అంటే అదీ.

అది ఫిబ్రవరి. మనమంతా బ్రతికే ఉన్నామని ఖజానాకు పత్రం ఇచ్చుకొనే రోజులు. మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్లు 234, మనం 172. వెనకబడ్డాం. అప్పుడు విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి నాలుగు వికెట్లు తీయగా వాళ్లను 107కి కట్టేశారు. గెలుపుకు 170 కావాలి. మూడోరోజు ఆట ముగిసేసరికి 4 వికెట్లకు 95. విహారి ఆడుతున్నాడు. ఇంకా 75 చాలు. ఆ రాత్రి నేను నిద్రపోయానని చెబితే మా ఇంటావిడ ఒప్పుకోదు.

మర్నాడు విహారి 55 దగ్గర అవుటయ్యాడు. అక్కడి నుంచి ఒక్కొక్క పరుగూ పళ్లు పీకినట్టు వచ్చింది. మనవడు ఫోను పట్టుకొని చదువుతున్నాడు. నూట అరవై దాటింది. ఆఖరి వికెట్టు. 165. అంతే.

నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయాం. మొత్తం నలభై వికెట్లు పడిన ఆట, నాలుగు పరుగులు. నేను ఖజానా శాఖలో పనిచేశాను. సాయంత్రం లెక్కలో నాలుగు రూపాయలు తేడా వస్తే రాత్రి పది దాకా కూర్చొని వెతికేవాళ్లం, ఎక్కడో ఒకచోట దొరికేది. ఈ నాలుగు పరుగులు ఎక్కడ పోయాయని వెతికితే ప్రతి పుటలోనూ దొరుకుతాయి. ఒక వైడు బంతి, కాళ్ల మధ్యనుంచి పోయిన ఒక ఫోరు, పరుగెత్తబోయి మానుకొన్న ఒక రెండోది. ఏది అని చెప్పను? ఆ తరువాత కెప్టెన్సీ విషయమై వచ్చిన రభస పత్రికల్లో చదివే ఉంటారు. ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు, ఇది కోర్టూ కాదు.

ఆ ఆటలో నాలుగు వికెట్లు తీసిన కుర్రవాడి సంగతి మాత్రం చెప్పాలి. నితీశ్ తండ్రి ముత్యాలరెడ్డిగారు విశాఖలో హిందుస్థాన్ జింక్ ఉద్యోగి. దూరానికి బదిలీ వస్తే, కొడుకు ఆట చెడుతుందని ఉద్యోగమే వదులుకొన్నారు. మనలాంటివాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. సర్వీసు మధ్యలో, పూర్తి పింఛను లేకుండా! మా రోజుల్లో అలా చేసినవాడిని పిచ్చివాడనేవాళ్లం. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో ఆస్ట్రేలియా మీద నితీశ్ శతకం కొట్టినప్పుడు, ఆ తండ్రి స్టాండులో కూర్చొని ఏడవడం దేశమంతా టీవీలో చూసింది. టీ కొట్టు కుర్రాడు ఆ రోజు నన్ను పిలిచి, "తాతగోరూ, ఇతగాడు మీ జట్టోడే కదేటి?" అన్నాడు. డబ్బులు పుచ్చుకోకుండా టీ ఇచ్చాడు. 'మీ జట్టు' అన్నాడు, 'మన' అనలేదు. దానికింకా టైము పడుతుంది.

మిత్రులడుగుతారు, ఓడిపోయే జట్టు మీద ఈ పిచ్చేమిటయ్యా అని. నేను ఎదురు అడుగుతాను. ముంబైవాడు గెలిస్తే 41 పక్కన ఇంకొకటి పెడతాడు, 42 అయింది. వాడికి అది లెక్క. మనవాళ్లు ఫైనల్ చేరిన రోజు ఎలా ఉంటుందో మనం ఇంకా చూడలేదు. డెబ్బై దాటినవాడికి ఇంకా చూడనిది ఒకటి మిగిలి ఉండడం చిన్న విషయం కాదు. పొద్దున్నే పేపరులో ముందు మూడో పేజీ తిరగేసే మనకు, వెనక పేజీ కోసం కూడా ఎదురుచూసే కారణం ఒకటి ఉంటుంది.

సమయం మించుతోందని అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. ఒక్క ప్రతిపాదన చేసి కూర్చొంటాను. రంజీ సీజను కొన్నేళ్లు మన కార్తీక వనభోజనాల రోజుల్లో కూడా సాగుతుంది. ఆంధ్ర ఆట విజయనగరంలో పడిన ఏడు, మన వనభోజనం ఆ మైదానంలోనే పెట్టుకొందాం. శ్రీకాకుళం వైపువాళ్లు ఆమదాలవలసలో రైలెక్కితే ఆట మొదలయ్యేసరికి చేరుకోవచ్చు. టోపీ, మంచినీళ్లు, కూర్చోడానికో పాత దిండు తెచ్చుకోండి, మెట్లు గట్టిగా ఉంటాయి. పులిహోర మా ఇంటినుంచి వస్తుంది. మనవలను కూడా తీసుకురండి. బడి ఉంటుందంటారా, ఒక్క రోజుకు ఉత్తరం నేను రాసిస్తాను. రాదలచినవారు వెళ్లేముందు కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వండి. నా పేరు ఇప్పటికే రాయించాను.