పుస్తకం అచ్చయింది, కోల్‌కతాకు పంపారా?

మీరు సొంత ఖర్చుతో కవితల పుస్తకం వేశారనుకోండి. ఆవిష్కరణ సభ అయింది, మిత్రులకు పంచారు. మరి కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పంపారా? పంపాలండీ. 1954 నాటి చట్టం చెప్పేది అదే. ప్రచురించిన 30 రోజుల్లోగా ఒక ప్రతి అక్కడికి చేరాలి. చెన్నై కన్నెమరా గ్రంథాలయానికీ, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కొక్కటి.

ఎందుకు పంపాలి? జాతీయ సమాచార విధానం అంటే ఏదో పెద్ద మాటలా ఉంటుంది. దాని పునాది ఇదే. దేశంలో ఏం అచ్చయిందో దేశానికి తెలియాలి. వచ్చిన ప్రతులను చూసే లైబ్రేరియన్లు భారత జాతీయ గ్రంథసూచి తయారుచేస్తారు. మీరు పంపకపోతే అందులోకి ఎక్కడం కష్టమే.

పంపకపోతే జరిమానా? 50 రూపాయల దాకా, పైన పుస్తకం వెల. ఎవరు భయపడతారు చెప్పండి!

సొంతంగా వేసుకున్నవాళ్లూ ప్రచురణకర్తలే. ముందు నాలుగు ప్రతులు పక్కన పెట్టండి. ఆ తర్వాతే పంపకాలు.