చాటింపు వేరు, రచ్చబండ వేరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బడి యాభయ్యేళ్ల జ్ఞాపకాలను ఒకచోట చేర్చాలని సంఘం ఈ ఏడు తీర్మానించింది. పాత ఫోటోలు, పిల్లలు చేత్తో రాసిన గోడపత్రికలు, గురువుల అనుభవాలు అన్నీ అందులో ఉంటాయి. జీతంలేని పని. చేసేవాళ్లు ఒక ఊళ్లో లేరు, ఒక దేశంలోనూ లేరు. ఇంతమందికి కబురు అందే ఏర్పాటు ఎలా ఉండాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు పురమాయించారు. తెలుగు వికీసోర్సులో పాత పుస్తకాల పుటలు సరిచూసే పనిలో కొన్నేళ్లుగా ఒక చెయ్యి వేస్తున్నాను కాబట్టి నన్ను అడిగి ఉంటారు.

ఇలాంటి పనుల్లో పెద్దది, పాతది ఒకటి చెబుతాను. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుగా మనకు తెలిసిన గ్రంథానికి 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో బీజం పడింది. మామూలు పాఠకులే పుస్తకాలు చదివి, ఒక మాట ఎక్కడ ఎలా వాడారో చీటీ మీద రాసి పంపాలి. మొదటి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిజ్ 1861లో చనిపోయారు. తర్వాత పని మందగించింది. చాలా చీటీలు ఎవరి ఇళ్లలో వాళ్ల దగ్గర ఉండిపోయాయి. 1879లో జేమ్స్ మర్రే సంపాదకత్వం తీసుకునే నాటికి కొన్ని గోతాల్లో మూలుగుతున్నాయి. ఒక గోతంలో ఎలుకలు కాపురం పెట్టాయి. ‘హెచ్’ అక్షరం చీటీలు ఇటలీలో తేలాయి.

మర్రే మొదట చేసిన పనుల్లో ఒకటి, ఒక విజ్ఞప్తి అచ్చు వేయించి 2000 ప్రతులు పంచడం. వెయ్యిమంది పాఠకులు కావాలి, మూడేళ్లు పని చేయాలి, ఫలానా పుస్తకాలు చదవాలి, చీటీ ఇలా రాయాలి అని అందులో ఉంది. చదివినవాడికి తను ఏం చేయాలో తెలిసిపోతుంది. చీటీలు మళ్లీ రావడం మొదలైంది. 1884లో మొదటి భాగం వెలువడింది, 1928లో గ్రంథం పూర్తయింది. అది చూడటానికి మర్రే లేరు. కానీ పని ఆగలేదు.

మనకూ ఈ పద్ధతి కొత్త కాదు. ఊళ్లో టముకు వేసి, ‘యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా’ అని చెప్పవలసింది చెప్పి చాటింపు వేసేవాడు పక్క వీధికి వెళ్లిపోయేవాడు. వాదనలకు, పరాచికాలకు రచ్చబండ ఉండేది. తెలుగు వికీపీడియాలో కూడా అందరూ మాట్లాడుకునే చోటుకు రచ్చబండ అనే పేరు పెట్టుకున్నారు. రెండూ కావాలి. రెండింటినీ కలిపితేనే చిక్కు.

ఆ చిక్కు మా బ్యాచికి తెలుసు. మా లెక్కల మాస్టారు పోయినప్పుడు సంతాప సభ కబురు మా ఫోన్ గ్రూపులోనే పెట్టారు. ఆ పొద్దున్నే ఇద్దరి పుట్టినరోజులు, ఒక క్రికెట్ మ్యాచి. శుభాకాంక్షల కింద ఆ కబురు మునిగిపోయింది. అదే ఊళ్లో ఉన్నవాళ్లు కొందరికి సభ అయిపోయిన మర్నాడు తెలిసింది. కబురు పంపలేదని ఎవరినీ అనలేం. పంపారు. కానీ అందలేదు.

అందుకని మన పనికి చాటింపును విడిగా పెట్టుకుందాం. పంపే హక్కు ముగ్గురికే ఉండాలి, కానీ తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఆ ఒక్కరూ ఊరు మారినా, ఓపిక తగ్గినా అంతా ఆగిపోతుంది. నెలకు ఒక కబురు చాలు, తప్పనిసరైతే రెండు. ఒక కబురులో ఒకటే సంగతి. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఎవరికి పంపాలి అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. జవాబు ఆ ఒక్కరికే వెళ్లాలి, మిగిలిన అందరి ఫోన్లూ మోగకూడదు. ఒకరి నంబరు, చిరునామా ఇంకొకరికి కనబడకూడదు. అడిగి చేర్చుకోవాలి. వద్దనుకున్నవాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా తప్పుకోగలగాలి. అలా తప్పుకున్నవాళ్లను వేలెత్తి చూపకూడదు. వాళ్లే రేపు తిరిగి వస్తారు.

ఇంకో మాట. పని అడగడానికే కబురు పంపితే, కొన్నాళ్లకు అప్పులవాడి ఉత్తరంలా దాన్ని ఎవరూ తెరవరు. పని అయిందన్న కబురు కూడా పంపాలి. ‘మీరు పంపిన ఫోటోలో రెండో వరుసలో ఉన్నదెవరో తెలిసింది’ అని చెబితే, ఆ ఫోటో పంపినవాళ్లు పెట్టె అడుగున ఇంకొకటి వెతుకుతారు. చేసినవాడికి తన పని ఎక్కడికి చేరిందో తెలియాలి. జీతం లేని చోట అదే జీతం. పంపిన ప్రతి కబురునూ తేదీవారీగా దాచాలి. ఆలస్యంగా చేరినవాళ్లు అవి చదువుకుంటే పని ఎంతవరకు వచ్చిందో ఎవరినీ అడగక్కర్లేదు.

చివరిగా గురువుల సంగతి. మన తొలి రోజుల మాస్టార్లలో, టీచర్లలో కొందరు ఫోను కేవలం మాట్లాడటానికే వాడతారు. కొందరికి చూపు ఆనదు. వాళ్లకు ప్రతి బ్యాచి నుంచి ఒకరు ఫోన్ చేసి కబురు చదివి వినిపించాలి. వీలైతే ఇంటికి వెళ్లాలి. వాళ్లు చెప్పింది అక్కడే రాసుకోవాలి. రేకుల షెడ్డులో బడి నడిచిన రోజుల సంగతి వాళ్లకు తెలిసినట్టు మనలో ఎవరికీ తెలియదు. వాళ్లను అడగడానికి ఉన్న సమయం మన చేతుల్లో లేదు.

సభ అయ్యాక గుమ్మం దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. కబురు కావాలనుకునేవాళ్లు పేరు, బ్యాచి, ఏ దారిన కబురు పంపాలో రాయండి. కబురు అందని గురువు మీకు ఎవరైనా తెలిస్తే, మీ పేరుకన్నా ముందు వారి పేరు రాయండి.