ఇంటర్నెట్ ఊరికి రాదు, ఇంటికి వస్తుంది
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం, పల్లెల్లో ఉంటూ ఇంటినుంచి పనిచేసేవాళ్లకి ఇంటర్నెట్. ఇదేం పెద్ద విషయం, కంపెనీకి ఫోన్ చేస్తే మనిషొచ్చి పెట్టిపోతాడు కదా అని బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఉన్నవాళ్లకి అనిపిస్తుంది. అక్కడ అది నిజమే. కానీ మనవాళ్లు ఇప్పుడు అక్కడే లేరు. 2019లో మొదలైన రూరల్ అండ్ నార్తర్న్ ఇమిగ్రేషన్ పైలట్, 2025లో వచ్చిన రూరల్ కమ్యూనిటీ ఇమిగ్రేషన్ పైలట్, వీటివల్ల సడ్‌బరీ, టిమిన్స్, థండర్ బే, బ్రాండన్, మూస్ జా లాంటి పేర్లు మన ఇళ్లల్లో రోజూ వినపడుతున్నాయి. ఇంట్లో ఒకరు అక్కడ ఆస్పత్రిలోనో, ఫ్యాక్టరీలోనో, ట్రక్కు మీదో పనిచేస్తారు. రెండోవాళ్లు ఇంట్లో కూర్చుని కస్టమర్ సపోర్టో, అకౌంట్లో, మెడికల్ కోడింగో చేస్తారు. టౌన్లో అద్దె ఎక్కువని ఇరవై ముప్పై కిలోమీటర్ల అవతల ఇల్లు తీసుకుంటారు. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

నాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెప్తాను. పేర్లు వద్దు. ఏడాది లీజు మీద ఫామ్‌హౌస్‌లో కింది వాటా తీసుకున్నారు. ఇంటామెని అడిగితే, ఇంటర్నెట్ ఉంది అంది. అబద్ధం కాదు, ఉంది. ఆమె ఈమెయిల్ చూసుకోడానికి, మనవళ్ల ఫోటోలు చూడ్డానికి సరిపోయేంత ఉంది. మన అమ్మాయికి రోజుకి ఏడు గంటలు కాల్స్. సాయంత్రమయ్యేసరికి మాట తెగిపోయేది. మూడో వారంలో సూపర్‌వైజర్ దగ్గర్నుంచి రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది, ఇంటర్నెట్ సమకూర్చుకోవడం ఉద్యోగి బాధ్యత అని. ఆమెది ఒకే యజమానికి కట్టిపడేసిన వర్క్ పర్మిట్. ఉద్యోగం పోతే వేరేచోట చేరడానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు. చివరికి టౌన్లో చిన్న గది తీసుకుని, లీజు తెగేదాకా నాలుగు నెలలు రెండిళ్లకి అద్దె కట్టారు.

"ఇంటర్నెట్ ఉందా?" అనేది అడగాల్సిన ప్రశ్న కాదు. ఈ గుమ్మానికి, ఈ ఇంటి నంబరుకి ఏ దారిలో వస్తోంది, ఎంత వస్తోంది, సాయంత్రం ఎనిమిదింటికి ఎంత ఉంటోంది, ఇవీ అడగాల్సినవి.

ఈ దేశంలో దీనికో కొలత ఉంది. టెలికాం వ్యవహారాలు చూసే సీఆర్‌టీసీ 2016 డిసెంబరులో బ్రాడ్‌బ్యాండ్‌ని ఫోన్ లాగే కనీస అవసరమైన సేవ అని ప్రకటించింది. డౌన్‌లోడ్ 50 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్, డేటాకి పరిమితి లేని ప్లాను తీసుకునే వీలు, ఇదీ వాళ్లు పెట్టిన లక్ష్యం. 2026 కల్లా 98 శాతం మందికి, 2030 కల్లా అందరికీ అందిస్తామని ఫెడరల్ ప్రభుత్వం చెప్పింది. 2023 మార్చిలో ఆడిటర్ జనరల్ లెక్క తీస్తే, 2021 నాటికి దేశం మొత్తం మీద 90.9 శాతం ఇళ్లకి ఆ వేగం అందుబాటులో ఉంది. పల్లెలు, మారుమూల ప్రాంతాలు విడిగా చూస్తే 59.5 శాతమే. ఫస్ట్ నేషన్స్ రిజర్వుల్లో 42.9 శాతం. అప్పట్నుంచి తీగలు వేస్తూనే ఉన్నారు, పరిస్థితి మెరుగైంది. కానీ మీరు అద్దెకి తీసుకునే ఇల్లు ఆ మిగిలిపోయిన వాటిల్లో ఒకటైతే దేశం సగటు మీకేం ఉపయోగం?

డబ్బుకి కొదవ లేదు మరి. 2020 నవంబరులో యూనివర్సల్ బ్రాడ్‌బ్యాండ్ ఫండ్ 175 కోట్ల డాలర్లతో మొదలైంది, తర్వాత 322 కోట్లు దాటింది. మరి ఆలస్యం ఎక్కడంటే, స్తంభాల దగ్గర. మన ఆంధ్రాలో ఫైబర్‌నెట్ గుర్తుందా? 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించారు, నెలకి 149 రూపాయలన్నారు. అక్కడ నేల తవ్వకుండా ప్రభుత్వ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగారు. ఆ పథకం తర్వాత ఎలా నడిచిందన్నది వేరే చర్చ, ఇప్పుడొద్దు. ఇక్కడ స్తంభం ఒకరిది, తీగ ఇంకొకరిది. అనుమతి కావాలి, పాత స్తంభం బరువు మోయలేకపోతే మార్చాలి, ఆ ఖర్చు ఎవరిదో తేలాలి. పైగా ఊరు దాటాక ఇంటికీ ఇంటికీ మధ్య అర కిలోమీటరు. అందుకే రోడ్డుకి ఈ పక్కింటికి ఫైబర్ ఉండి, మలుపు తిరిగాక నాలుగో ఇంటికి లేకపోవడం ఇక్కడ మామూలే. వచ్చే ఏడాది వస్తుందట అన్న మాట మీద లీజు తీసుకోకండి. అంటారియో ప్రభుత్వం 2024 నవంబరులో 15 వేల ఇళ్లకి స్టార్‌లింక్ ఇప్పిస్తామని 10 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. అమెరికా సుంకాల గొడవలో 2025 మార్చిలో దాన్ని రద్దు చేసింది.

ఇక ఇంటికి వచ్చే దారులు. ఫైబర్ ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, తీసేసుకోండి. కేబుల్ కూడా బాగానే ఉంటుంది, అప్‌లోడ్ ఎంతో ఒక్కసారి చూస్కోండి. పాత ఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ సంగతి వేరు. ఎక్స్చేంజి నుంచి దూరం పెరిగే కొద్దీ అది నీరసపడిపోతుంది. ఇవి లేనిచోట ఇంటికప్పు మీద యాంటెనా పెట్టి టవర్ నుంచి పట్టే పద్ధతి ఉంది, ఫిక్స్‌డ్ వైర్‌లెస్ అంటారు. మధ్యలో గుట్ట ఉన్నా, చెట్లున్నా దెబ్బే. మార్చిలో ఆకుల్లేనప్పుడు బ్రహ్మాండంగా పనిచేసి, జూన్‌లో ఆకులొచ్చాక మొరాయించే కనెక్షన్లు ఇవే. ఒకే టవర్ మీద ఎక్కువమంది ఉంటే సాయంత్రాలు నెమ్మదిస్తుంది కూడా.

ఉపగ్రహం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. ఉపగ్రహాల్లో రెండు రకాలు. పాత రకం భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీరు అన్న మాట పైకి వెళ్లి కిందికి రావాలి, అవతలివాళ్ల జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి రావాలి. మొత్తం లక్షా నలభై నాలుగు వేల కిలోమీటర్లు. వెలుతురు వేగంతో పోయినా దారిలోనే అర సెకను దాకా పడుతుంది. సినిమా చూడ్డానికి పర్లేదు. కాల్‌లో మాత్రం ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. ఆఫీసు వీపీఎన్ ఎక్కితే ఇంకా కష్టం. స్టార్‌లింక్ ఉపగ్రహాలు అంతకంటే చాలా తక్కువ ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది, కాల్స్ చక్కగా నడుస్తాయి. దానికి కావలసింది చెట్ల అడ్డు లేని ఆకాశం. ఫోన్‌లో వాళ్ల యాప్ పెట్టుకుని, ఇల్లు చూడ్డానికి వెళ్లినరోజే కెమెరా ఆకాశం వైపు తిప్పితే అడ్డు ఎంతుందో చెప్తుంది. చుట్టూ ఎత్తైన పైన్ చెట్లున్న ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది, కానీ కాల్ మధ్యలో పది సెకన్లు మాయమైపోతారు.

యాంటెనా అయినా డిష్ అయినా కప్పు మీద బిగించాలి, గోడకి కన్నం వెయ్యాలి. ఇల్లు మనది కాదు. కాబట్టి ఇంటివాళ్ల అనుమతి లీజులోనే ఒక వాక్యంగా రాయించుకోండి. తర్వాత అడుగుదాంలే అనుకుంటే, అప్పటికి అడిగే బలం మన చేతిలో ఉండదు.

సంతకానికి ముందు ఏం చెయ్యాలి? ఫెడరల్ శాఖ పెట్టిన నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాపు ఉంది, అందులో ఆ చోటు వెతకండి. మ్యాపు చెప్పిందే వేదం అనుకోకండి, అది మొదటి అడుగే. తర్వాత కంపెనీకి పూర్తి అడ్రసు ఇచ్చి, ఫలానా తేదీకి ఈ ఇంటికి ఏ ప్లాను ఇవ్వగలరో ఈమెయిల్లో రాసివ్వమనండి. పోస్టల్ కోడ్ ఇస్తే చాలదు. పల్లెల్లో ఒక్క కోడ్ కింద ఎంతో మేర ఉంటుంది. ఆ తర్వాత పక్కింటి తలుపు తట్టండి. మనకి మొహమాటం ఎక్కువ, తెలుసు. కానీ పల్లె కెనడా వాళ్లకి వాతావరణం తర్వాత అంత ఇష్టంగా మాట్లాడే విషయం ఇంటర్నెట్టే, కాఫీ ఇచ్చి మరీ చెప్తారు. ఆ ఇంట్లో ముందే కనెక్షన్ ఉంటే సాయంత్రం ఏడెనిమిది మధ్య వెళ్లి స్పీడ్ టెస్ట్ చెయ్యండి. ఒక వీడియో కాల్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. కాబట్టి డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకుండా అప్‌లోడ్ ఎంత, ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లు అనేది చూడండి. పని చేసుకునే కంప్యూటర్‌కి వైఫై కాకుండా రూటర్ నుంచి నేరుగా తీగ పెట్టుకోండి. కంపెనీని తిట్టుకునే ఇబ్బందుల్లో కొన్ని ఆ తీగతోనే పోతాయి.

ఎంత మంచి కనెక్షనైనా ఒకరోజు పడిపోతుంది. 2022 జులై 8న రోజర్స్ నెట్‌వర్క్ దేశమంతా పడిపోయింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇబ్బందిపడ్డారు. ఇంటెరాక్ ఆగిపోయింది, చాలామందికి 911 కూడా కలవలేదు. తుపానూ కాదు, తెగిన తీగా కాదు, నెట్‌వర్క్ సెట్టింగుల మార్పులో జరిగిన పొరపాటు. ఆ రోజు ఇంట్లో రోజర్స్ ఇంటర్నెట్, జేబులో ఫైడో సిమ్ ఉన్నవాళ్లకి రెండూ పోయాయి, ఎందుకంటే ఫైడో కూడా రోజర్స్‌దే. కూడో, పబ్లిక్ మొబైల్ టెలస్‌వి. వర్జిన్ ప్లస్, లక్కీ బెల్‌వి. బెల్, టెలస్ టవర్లు కూడా చాలావరకు కలిసే నడుపుకుంటాయి. ఇంటి ఇంటర్నెట్ ఒకరిదైతే ఫోన్ సిమ్ వేరే గూటిది ఉండాలి. పేరు మారితే చాలదు. ఆ సిమ్‌కి మీ ఇంట్లో సిగ్నల్ ఉందో లేదో ముందే చూసుకోవాలి, పడిపోయిన రోజు కాదు.

కరెంటు సంగతి మనవాళ్లకి నేను చెప్పాలా, ఇన్వర్టర్లతో పెరిగినవాళ్లం. 2022 మే 21న అంటారియో, క్యూబెక్‌లలో గాలివాన వచ్చినప్పుడు కొన్ని పల్లెలకి రోజుల తరబడి కరెంటు లేదు. మోడెమ్‌కి, రూటర్‌కి చిన్న యూపీఎస్ పెడితే ఓ గంటో రెండో గడుస్తుంది, సూపర్‌వైజర్‌కి చెప్పి ఆ రోజు పని సర్దుకోడానికి అది చాలు. అంతకు మించితే పబ్లిక్ లైబ్రరీ. కొన్ని లైబ్రరీలు వైఫై హాట్‌స్పాట్లు ఇంటికి అరువిస్తాయి కూడా, కార్డుంటే చాలు.

కంపెనీ చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే ఊరుకోకండి. స్పీడ్ టెస్టులు తేదీ, టైముతో ఫోటో తీసి దాచండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చెయ్యండి. తేల్చకపోతే సీసీటీఎస్ అని టెలికాం ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ ఉంది, పైసా తీసుకోదు. ఫిర్యాదు చేస్తే పర్మిట్‌కి ఏమైనా అవుతుందేమోనని ఒక తమ్ముడు నన్నడిగాడు. ఏమీ కాదు. అది మీకూ ఇంటర్నెట్ కంపెనీకీ మధ్య వ్యవహారం, ఇమిగ్రేషన్‌కి దాంతో పనిలేదు.

డబ్బు మాట ఒకటి. పనిలో సగానికంటే ఎక్కువ కాలం, వరుసగా నాలుగు వారాలకి తగ్గకుండా ఇంటినుంచి చేసినవాళ్లు నెలవారీ ఇంటర్నెట్ ఖర్చులో పనికి వాడిన భాగాన్ని ట్యాక్సు రిటర్నులో చూపించుకోవచ్చు. అద్దెలో కొంత భాగం కూడా. మోడెమ్ అద్దె, కనెక్షన్ ఫీజు కుదరవు. కోవిడ్ రోజుల్లో రోజుకి రెండు డాలర్ల లెక్కన ఇచ్చిన తేలిక పద్ధతి 2022 సంవత్సరంతో అయిపోయింది. ఇప్పుడు యజమాని సంతకం చేసిన టీ2200 ఫారం ఉండాలి. అది మనం అడిగి తీసుకోవాలి, బిల్లులు దాచుకోవాలి.

భోజనాల తర్వాత వెనక గదిలో ఇద్దరు కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. ఇల్లు మారే ఆలోచనలో ఉన్నవాళ్లు వాళ్ల దగ్గరికి వెళ్లండి, మ్యాపులో చూసి చెప్తారు. ఇంటి నంబరు, రోడ్డు పేరుతో పూర్తి అడ్రసు రాసుకుని వెళ్లండి. లీజు కాగితం ఇంకా సంతకం కాకపోతే అది కూడా పట్టుకెళ్లండి, కప్పు మీద యాంటెనా వాక్యం ఎక్కడ చేర్చాలో చూపిస్తారు.