మందు వేసుకొని బండి తోలవచ్చునా?



"మందు వేసుకొని బండి నడపరాదు" అనగానే మనకు సారాయి గుర్తుకు వస్తుంది. ఈరోజు చెప్పబోయేది ఆ మందు గురించి కాదు, చీటీలో రాసిచ్చే మందుల గురించి.

పత్తి సీజనులో ఆదోని మార్కెట్ యార్డుకు రాత్రిళ్ళు కూడా ట్రాక్టర్లు, లారీలు వస్తుంటాయి. డ్రైవరుకు జలుబు చేస్తే మెడికల్ షాపులో రెండు మాత్రలు అడిగి మింగుతాడు. జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. ముక్కు కారడం తగ్గుతుంది గాని మత్తు వస్తుంది. రాత్రి మింగినది తెల్లవారినా పూర్తిగా వదలకపోవచ్చు. "నాకేం నిద్ర రావడం లేదు సార్" అంటారు. నిద్ర రాకపోయినా బ్రేకు మీదికి కాలు పోవడం ఆలస్యమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎమ్మిగనూరు రోడ్డులో దీపం లేని ఎద్దులబండి ఎదురైతే ఆ 17 మీటర్లే ప్రాణం. నిద్రమాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, గట్టి నొప్పికి ఇచ్చే ట్రమడాల్ కూడా ఇలాంటివే. వీటిపైన సారాయి పడితే మత్తు ఇంకా పెరుగుతుంది.

షుగరు వారి సంగతి వేరు. ఇన్సులిన్ గాని, గ్లిబెన్‌క్లామైడ్ వంటి మాత్ర గాని వేసుకొని, లోడు దిగేదాకా అన్నం తినకపోతే చెమటలు, వణుకు, తికమక వస్తాయి. చూసేవారు తాగాడనుకుంటారు. వెంటనే బండి పక్కకు ఆపి మూడు చెంచాల చక్కెర తిని, తర్వాత ఏదైనా తినాలి. తేరుకున్నాక కూడా ముక్కాలు గంట ఆగాలి. జేబులో చక్కెర పొట్లం పెట్టి పంపే పని ఇంట్లోవారిదే.

అన్నిటికన్నా నాకు భయం మూర్ఛ మాత్రల గురించి. "ఈరోజు డ్యూటీ ఉంది, మత్తు వస్తుంది" అని ఆ పూట మాత్ర మానేస్తారు. హఠాత్తుగా మానితే స్టీరింగు దగ్గరే ఫిట్సు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. లైసెన్సు దరఖాస్తులో ఫిట్సు గురించి అడుగుతారు. జీతం పోతుందని దాచేవారి కష్టం మాకు తెలుసు, అయినా దాచవద్దు.

ఓపీలో రద్దీ వల్ల డాక్టరు అడగకపోవచ్చు. "మా నాయన లారీ తోలుతాడు" అని మీరే చెప్పండి. జలుబుకు, అలర్జీకి మత్తు తక్కువ ఉండే మాత్రలున్నాయి. కొన్నిటిని పడుకునే ముందుకు మార్చవచ్చు. కంటిపాప పెద్దదిగా చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. కంటి పరీక్షకు వచ్చేవారు మోటారు సైకిలు తోలుకొని రావద్దు, బస్సులో రండి.