పటములు చూపి చెప్పిన పాఠము



పిల్లలకు అక్షరములు రాకమునుపే కథలు రావలెనని మా అభిప్రాయము. ఇందులకు ఐరోపాలోని ప్రొటెస్టెంటు కుటుంబములను దృష్టాంతముగా గైకొంటిమి. దేవాలయములందలి ప్రతిమలను తొలగించినవారే పిల్లల చేతికి బొమ్మలెట్లిచ్చిరన్నది విచారింపదగిన విషయము.

1524లో జూరిక్ నగరపు దేవాలయములనుండి చిత్రములను, విగ్రహములను తీసివేసిరి. మార్టిన్ లూథర్ అభిప్రాయము వేరు. పూజకు కూడదు గాని బోధకు పటము తగునని అతడు తలచెను. 1529లో తన ప్రార్థన పుస్తకమునకు సృష్టి మొదలు తుదితీర్పు వరకు సుమారు 50 కొయ్య అచ్చుబొమ్మలు చేర్పించెను. ఉత్త మాటలకంటె బొమ్మలచేతనే పిల్లలకును పామరులకును కథ నిలుచునని పీఠికలో తెలిపెను. ఆ యేటనే అతని చిన్న ప్రశ్నోత్తరి తొలుత గోడపత్రములుగా వెలువడినది. ఇంటి యజమాని దానిని పిల్లలకును పనివారికిని చెప్పవలెను. పుస్తకరూపమున దానికిని బొమ్మలు చేరినవి. చంపరాదను ఆజ్ఞ కడ కయీను తమ్ముని కొట్టుచుండును. బిడ్డకు వేరే వ్యాఖ్యానమేల?

కాల్విను మార్గీయులు ఇంత ఉదారులు కారు. పామరులకు పుస్తకములుగా చిత్రములను దేవాలయములందు ఉంచవచ్చునా అని 1563 నాటి హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరి 98వ ప్రశ్న వేసి, కూడదని తేల్చినది. అయినను ఆ మార్గము ప్రబలిన హాలెండులోనే, ఇండ్లలో నిప్పుగూటి చుట్టు బైబిలు కథల పింగాణి పలకలు వెలసెను! వానిలో పెక్కింటికి అచ్చుపటములే మాతృకలు. నిషేధము దేవాలయమునకే గాని తల్లి ఒడికి కాదు కాబోలు.

ఫిలిప్ డాడ్రిడ్జ్ అను బోధకుడు 1702లో లండనున జన్మించెను. అతని తల్లి, మతనిర్బంధము సైపక బొహీమియా విడిచి ఇంగ్లండు చేరిన యొక బోధకుని కుమార్తె. బిడ్డకు చదువు రాకమునుపే ఆమె నిప్పుగూటి డచ్చి పలకలను చూపి బైబిలు కథలు చెప్పెనట. వలసవచ్చిన వంశమున విద్యారంభమట్లు జరిగెను. అట్లే స్వదేశమును వీడిన కొమీనియస్ 1658లో నూరెంబర్గున ప్రకటించిన పటముల పుస్తకములో, ప్రతి బొమ్మ క్రింద లాటిను, జర్మను ప్రక్కప్రక్కన నిలిపెను. బొమ్మలోని అంకెయే మాటకు గుర్తు. రెండు భాషల నడుమ పెరుగు పిల్లలకు ఇంతకంటె సులువైన దారి మాకు కానరాదు.

లూథర్ చిన్న ప్రశ్నోత్తరి మన భాషకును వచ్చినది. మదరాసున తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ దానిని 1746లో జర్మనీలోని హాలె పట్టణమున తెలుగున అచ్చువేయించెను.

మన పిల్లలు ఇంట తెలుగు పలికెదరు. బడిలో వేరు లిపి దిద్దెదరు. మన గోడలపై రామపట్టాభిషేకము కలదు, కాలెండరు బొమ్మలు కలవు; క్రింద తెలుగు పేరు మాత్రము కానరాదు. కాగితపు పట్టీపై పెద్ద అక్షరములతో పేర్లు వ్రాసి అంటించుటకు పావుగంట చాలును. తల్లులు ఈ ఆదివారమే ఆ పని చేయ ప్రార్థన.