ఆ బ్యాంకు ఆవిడ ఎవరికి గుర్తుంది?



పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో ఒక మూల కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటున్నాను. మా అబ్బాయి, మా ఆడపడుచు కొడుకు, వాళ్ళ స్నేహితులు మరో ఇద్దరు చేరి ఒకటే వాదన. క్రికెట్ గురించేమో అనుకున్నాను. తీరా వింటే ఒక సినిమా గురించి! అదీ వీళ్ళెవరూ పుట్టకముందు, 1996లో, అమెరికాలో విడుదలైన సినిమా. పేరు ‘ఫ్రమ్ డస్క్ టిల్ డాన్’. పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా అని చెప్పుకోవచ్చు.

“సగందాకా దొంగల కథ, తర్వాత రక్తపిశాచాల కథ. రెండు సినిమాలు తెచ్చి అతికినట్టుంది. మొదటి సగమే అసలు సినిమా” అంటాడు ఒకడు. “ఆ మలుపులోనే వుందిరా మజా! చెప్పకుండా వచ్చి మీద పడుతుంది” అంటాడు మావాడు. వాదన తెగదు, గొంతులు తగ్గవు.

“ఏమిట్రా ఆ కథ?” అన్నాను. “నీకెందుకత్తయ్యా, రాత్రి నిద్రపట్టదు” అని నవ్వాడు మేనల్లుడు. నాకు పౌరుషం వచ్చింది. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినదాన్ని, దయ్యాలకు భయపడతానా? ఆ బేతాళుణ్ణే 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన ‘విక్రముడూ రక్తపిశాచీ’ అనే అర్థం వచ్చే పేరుతో తన భాషలోకి తీసుకుపోయాడు. డ్రాక్యులా నవల వచ్చింది 1897లో. మన బేతాళుడు రక్తం తాగడు పాపం, ప్రశ్నలే వేస్తాడు. ఆ మాటే వాళ్ళతో అన్నాను.

మర్నాడు వంటా వార్పూ ముగించుకుని, ఒక్కదాన్నే కూర్చుని ఆ సినిమా చూశాను. ముందుగానే చెబుతున్నాను, ఇది పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. బూతులున్నాయి, అసభ్యమైన నాట్యాలున్నాయి, నెత్తురు చెప్పనక్కర్లేదు. అయినా కథ కొంత చెప్పకపోతే నేను చెప్పదలచుకున్నది మీకు అందదు.

దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్జ్. కథ ఊహ రాబర్ట్ కర్ట్‌జ్‌మన్‌ది. ఆయన సినిమాల్లో భూతాల ముఖాలు, గాయాలు తయారుచేసే పనివాడు. ఆ ఊహను స్క్రిప్టుగా రాసినవాడు క్వెంటిన్ టరంటినో. ఇద్దరు అన్నదమ్ములు, సేత్, రిచీ, టెక్సాస్‌లో బ్యాంకు దోచుకుని, దారిలో మనుషుల్ని చంపుకుంటూ మెక్సికో సరిహద్దుకు పరుగెడుతుంటారు. అన్నగా జార్జ్ క్లూనీ, తమ్ముడుగా టరంటినోయే వేశారు. భార్య పోయాక దేవుడి మీద నమ్మకం పోగొట్టుకున్న ఒక పాస్టరునూ, ఆయన కూతుర్నీ, కొడుకునీ తుపాకీతో బెదిరించి, వాళ్ళ బండిలోనే దాక్కుని సరిహద్దు దాటతారు. అవతల ఒక సారాదుకాణంలో తెల్లవారేదాకా ఆగాలి. సుమారు గంటసేపు ఇదంతా దొంగల కథే. ఆ తర్వాత దుకాణంలో నాట్యం చేసిన ఆవిడ, సల్మా హయెక్, ఉన్నట్టుండి కోరలు బయటపెడుతుంది. ఆవిడే కాదు, దుకాణమంతా పిశాచాలే! అక్కణ్ణుంచి తెల్లవారేదాకా యుద్ధం.

ఇలా ఒక రకం కథగా మొదలై ఇంకో రకంలోకి దూకడం అంతకుముందు లేకపోలేదు. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ కూడా నలభై వేల డాలర్లు ఎత్తుకుపోయిన అమ్మాయి కథగానే మొదలవుతుంది. ఆ డబ్బు ఏమవుతుందో అని మనం చూస్తుండగానే కథ మరెక్కడికో పోతుంది. కాబట్టి మావాడి వాదనలో కొంత నిజం వుంది. రోజూ చేసే చారులో ఎవరో చింతపండుకు బదులు మామిడికాయ వేసినట్టు, ఆ తేడాయే రుచి. రెండోవాడి మాటా కొట్టెయ్యలేం. మనుషుల మీద అంత కుతూహలం కలిగించి, సగంలో వాళ్ళను వదిలేసి పిశాచాల వెంట పడితే ఎవరికైనా కోపం రాదా?

కానీ నా మనసులో పడిన ముల్లు వేరు. సినిమా మొదట్లో ఆ అన్నదమ్ములు బ్యాంకులో పనిచేసే ఒక ఆవిణ్ణి పట్టుకొస్తారు. కారు డిక్కీలో పడేసి తెస్తారు. మోటెల్ గదిలో కూర్చోబెడతారు. చెప్పినట్టు వింటే ఏమీ చెయ్యమంటాడు అన్న. ఆవిడ విన్నది. ఎదురు చెప్పలేదు, పారిపోలేదు. అన్న బయటకు వెళ్ళొచ్చేసరికి తమ్ముడు ఆవిణ్ణి చెరిచి చంపేశాడు. అన్న తమ్ముణ్ణి గట్టిగా కేకలేస్తాడు. అంతే. కథ ముందుకు పోతుంది. గంట గడిచేసరికి ఆ అన్నే మన కథానాయకుడు! పిశాచాలను పొడుస్తుంటే మనం చప్పట్లు కొడుతున్నాం. పిశాచాల నెత్తురు ఆకుపచ్చగా వుంటుంది కూడానూ, బాధ కలగదు. ఆ నెత్తురు హడావిడిలో మోటెల్ గదిలో వున్న ఎర్రటి నెత్తురు మరిచిపోయాం.

ఆ సాయంత్రం పిల్లలు మళ్ళీ కాఫీలకు చేరారు. “పాములావిడ నాట్యం గుర్తుందా?” అన్నాను. అందరికీ గుర్తుంది. “తుపాకీనీ కర్రనీ కలిపి సిలువగా పట్టుకోవడం?” అదీ గుర్తే. ఒకే నటుడు మూడు వేషాలు వెయ్యడం దగ్గర్నుంచి ఏకరువు పెట్టారు. “మరి ఆ బ్యాంకు ఆవిడ పేరేమిటర్రా?” అన్నాను. ఒక్కడూ చెప్పలేకపోయాడు. ఒకడైతే “ఏ బ్యాంకు ఆవిడ ఆంటీ?” అన్నాడు.

మేనల్లుడు ఊరుకోలేదు. “అత్తయ్యా, ఆ తమ్ముడికి శిక్ష పడింది కదా! అందరికంటే ముందు పిశాచం వాణ్ణే కొరికింది. అన్న తన చేత్తో తమ్ముణ్ణి పొడవాల్సి వచ్చింది. చివర్లో ఆ పాస్టరు కూతురు వెంట వస్తానంటే, వద్దు ఇంటికి పొమ్మని పంపేశాడు. వాడిలో మనిషి మిగిలాడనేగా?” అన్నాడు. బాగానే అడిగాడు. ఆ చివరి సన్నివేశం నాకూ నచ్చింది. నేను పిశాచమైపోతే నన్ను చంపేస్తామని మాటివ్వండి అని తండ్రి పిల్లల్ని అడిగినచోట నాకు గొంతు పట్టేసింది కూడా. “కానీ నాయనా, వాడికి ఆ శిక్ష పడింది ఆవిడ కోసం కాదు. పిశాచానికి ఆకలేసింది, కొరికింది. ఆవిడ గురించి అడిగినవాడు అందులో ఎవడున్నాడు?” అన్నాను.

ఇదంతా సినిమా గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? మన ఇళ్ళల్లో వినపడే మాటలు గుర్తుచేసుకోండి. ఒకమ్మాయి పుట్టింటికి వచ్చి, ఆయన నోటికొచ్చినట్టు తిడుతున్నాడమ్మా అంటే, మనమేమంటాం? “ఎదురింటాయన తాగొచ్చి కొడతాడు. నీ మొగుడు నయం కదే!” అంటాం. కొట్టేవాడి పక్కన తిట్టేవాడు మంచివాడు. చంపేవాడి పక్కన కొట్టేవాడు మంచివాడు. పెద్ద పిశాచాన్ని తెచ్చి పక్కన నిలబెడితే చిన్న పిశాచం మనిషిలా కనపడుతుంది. ఆ సినిమా చేసింది అదే. మనం తెలిసీ తెలియక రోజూ చేసేదీ అదే. నా మటుకు నేను ఈ మాట అన్నదాన్నే. ఎవరితో అన్నానో ఆ పిల్ల ముఖం ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది.

ఇలాంటి కథలే తియ్యకూడదని నేననను. 2025లో రయన్ కూగ్లర్ తీసిన ‘సిన్నర్స్’ కూడా దాదాపు ఈ తరహాదే. 1932లో మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్. చికాగోలో నేరగాళ్ళతో తిరిగి వచ్చిన కవల సోదరులు, పాతమిల్లు కొని నల్లజాతివారి కోసం పాటల సావడి తెరుస్తారు. రాత్రికి రక్తపిశాచాలు వాకిట్లోకి వస్తాయి. అక్కడా దొంగలే, అక్కడా తెల్లవారేదాకా యుద్ధమే. కానీ పిశాచాలు రాకముందే, పసిబిడ్డను పోగొట్టుకున్న భార్య, కొట్టు నడుపుకునే చైనా దంపతులు, తాగుడు మానలేని ముసలి సంగీతకారుడు, అందరూ మనకు చుట్టాలైపోతారు. తర్వాత ఎవరు పోయినా వాళ్ళు లేని లోటు కనపడుతుంది. పిల్లలకు ఆ తేడా చెప్పాను. ఈసారి వాదన నాతోనే పెట్టుకున్నారు. మొదటిదే గొప్పదని మావాడు ఇప్పటికీ ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే పోనివ్వండి.

పిల్లలు చూసేవి మనకు నచ్చకపోవచ్చు. టీవీ కట్టేస్తే వాళ్ళు ఫోన్లో చూస్తారు. పెద్దపిల్లలతో తగవు పెట్టుకునేకంటే, ఒక్కసారి వాళ్ళు చూసింది మనమూ చూసి, బేతాళుడిలా ఒక్క ప్రశ్న వెయ్యండి. “ఈ కథలో ఎవర్ని మరిచిపోయారర్రా?” అని అడగండి. ఉపన్యాసం అక్కర్లేదు. అదే ప్రశ్న మనల్ని మనమూ వేసుకుందాం. ఈసారి ఏ అమ్మాయైనా వచ్చి కష్టం చెప్పుకుంటే, పక్కింటి కష్టం తెచ్చి దాని పక్కన పెట్టకుండా, ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు విందాం.

ఆ రాత్రి నేను వంటిల్లు సర్దుతుంటే మా అబ్బాయి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “మళ్ళీ పెట్టి చూశానమ్మా. ఆవిడ పేరు గ్లోరియా” అన్నాడు.