సెలూన్ కుర్చీలో మెడ సంగతి
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను డాక్టర్‌ని కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. చదివి తెలుసుకున్నదే చెబుతాను.

2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల ఒకావిడకు బ్యూటీ పార్లర్‌లో తల కడుగుతుండగా కళ్లు తిరిగాయి, వాంతులయ్యాయి. కడుపులో తేడా అనుకుని ముందు గ్యాస్ట్రో డాక్టర్‌కు చూపించారు. మర్నాడు నడుస్తుంటే తూలింది. చివరికి ఎమ్మారైలో తేలింది, చిన్నమెదడులో స్ట్రోక్ అని. ఆ కేసు చూసిన అపోలో న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ గారే ఈ సంగతి నలుగురికీ తెలిసేలా ట్విట్టర్‌లో రాశారు. బేసిన్ మీద మెడ వెనక్కి వాల్చినప్పుడు రక్తనాళం నొక్కుకుపోయిందని ఆయన వివరణ. ఇలాంటి కేసుల గురించి అమెరికా వైద్య పత్రిక జామాలో 1993లోనే వచ్చింది.

ఏ రక్తనాళం? గొంతుముడి పక్కన వేలు పెడితే కొట్టుకునేది కరోటిడ్. కుడివైపొకటి, ఎడమవైపొకటి. దవడకు కాస్త కింద రెండుగా చీలుతుంది. ఒక పాయ మెదడుకు, కంటికి వెళుతుంది. రెండోది ముఖానికి, తలమీది చర్మానికి.

మనకు కనపడని జత ఇంకొకటుంది, వెర్టెబ్రల్ ధమనులు. మెడలో ఏడు పూసలుంటే, పై ఆరింటి పక్క రంధ్రాల్లోంచి ఇవి దండలో దారంలా పైకెళతాయి. పైపూస దాటగానే గట్టిగా మలుపు తిరిగి పుర్రెలోకి దూరతాయి. మెడ అతిగా వంచినా, విసురుగా తిప్పినా నలిగేది ఆ మలుపు దగ్గరే. ఒక్కోసారి లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకడుతుంది.

మెదడు అడుగున ఈ నాలుగు దారులూ ఒక రింగులో కలుస్తాయి. మా భాషలో ఫెయిలోవర్. ఒక లైను పోయినా ఇంకోటి ఆదుకోవాలి. కానీ చాలామందిలో ఆ రింగు పూర్తిగా ఉండదు. హైదరాబాద్ ఆవిడకు ఎడమ వెర్టెబ్రల్ పుట్టుకతోనే సన్నం. ముందే ఎవరికి తెలుస్తుంది?

సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాల్లో మెడకు ఇరువైపులా ఉన్న మాతృకలు ఎనిమిది. అక్కడ దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం పోతుందన్నాడు. వాటిని ఈనాటి పేర్లతో ఒకటికొకటి జతచేయడం నాకిష్టం లేదు గానీ, మెడను ఎంత జాగ్రత్తగా చూశారో చూడండి.

ఇప్పుడు దోహాకు వద్దాం. శుక్రవారం క్రాపు చేయించుకుంటే చివర్లో తల పట్టుకుని టక్కుమని తిప్పుతారు. హాయిగా ఉంటుంది, నిజమే. వద్దని ముందే చెప్పండి. అక్కలూ, పార్లర్‌లో మెడ కింద మందంగా టవల్ పెట్టించుకోండి, లేదా ముందుకు వంగి కడిగించుకోండి. ఇలా స్ట్రోక్ రావడం చాలా అరుదు, భయపడి జుట్టు పెంచుకోనక్కర్లేదు!

అయితే ఆ తర్వాత కళ్లు తిరగడం, వాంతి, తూలడం, వస్తువులు రెండుగా కనపడడం, మెడలో ఎన్నడూ లేని నొప్పి వస్తే గ్యాసని సోడా తాగి పడుకోకండి. మూతి వంకర పోలేదు కదా అని ధీమా వద్దు, వెనక మెదడు స్ట్రోక్‌లో అది ఉండకపోవచ్చు. 999కి ఫోన్ చేయండి, కారు మీరు నడపకండి. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి, డాక్టర్లు ముందు అడిగేది అదే. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.